ఉలులు ఆగిన తర్వాత

ఆళ్లగడ్డకు కొత్తగా వచ్చిన టీచర్లు ఇల్లు వెతుక్కునేటప్పుడు బావి దగ్గరా, బడి దగ్గరా అని అడుగుతారు. సలోమి టీచరు మాత్రం మోత ఎక్కువగా ఉన్న ఇల్లు కావాలనుకుంది. ఆ మాట బయటికి అనలేదు గానీ, విగ్రహాలు చెక్కే కొట్టాలను ఆనుకుని, తెల్లారింది మొదలు రాతిమీద ఉలి మోగే సందులో, ఎవరూ నిలవని ఇంటిని చూసి ఇదే బాగుందంది. ఇంటి యజమాని శాంతయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. ఈ చప్పుడుకు నెల తిరక్కముందే పారిపోతుందిలే అనుకున్నాడు. ఏళ్లు గడిచినా ఆమె కదల్లేదు.

కారణం ఆమె గుండెలో ఉంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం గుండెలోని కవాటాన్ని పాడుచేస్తే, ముప్పై దాటాక వేలూరులో కోసి దాని చోట కొత్తది పెట్టారు. చిన్న పంజరంలో గోలీకాయ వేసినట్టుంటుందని అక్కడి డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. రక్తం వచ్చినప్పుడల్లా గోలీ లేస్తుంది, మళ్లీ పడుతుంది, పడ్డప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ టిక్కు ఆమెకొక్కదానికే వినబడితే బాధ ఉండేది కాదు. గది నిశ్శబ్దంగా ఉంటే పక్కనున్న వాళ్లకూ వినబడుతుంది.

ఆపరేషన్ అయ్యాక ఒక్క సంబంధం వచ్చింది. నంద్యాలలో ఆమె అన్న సుందరరాజు ఇంట్లో పెళ్లిచూపులు. యేసుదాసని, రైల్వేలో పనిచేసే పెద్దమనిషి, భార్య పోయినవాడు. నెమ్మదస్తుడు. టీ తాగుతూ వర్షాల గురించీ, చర్చి గురించీ మాట్లాడాక మాటలు అయిపోయాయి. అప్పుడు ఆయన తల ఎత్తి గోడల వంక చూశాడు. గడియారం కోసం. ఆ ఇంట్లో గోడ గడియారం లేదు. వదిన గట్టిగా దగ్గింది, పాత్రలు చప్పుడు చేసింది, కానీ ఎంతసేపని దగ్గుతుంది? యేసుదాసు కప్పు కిందపెట్టి లేచాడు. ఆయన తప్పేం లేదు. గడియారం లేని ఇంట్లో గడియారం వినబడితే ఎవరైనా జడుసుకుంటారు.

ఆ తర్వాత ఆమె ఆళ్లగడ్డకు బదిలీ అడిగి వచ్చేసింది. పగలు బడిలో పిల్లల గోల, ఇంటికొస్తే ఉలుల మోత. దీపాలు పెట్టే వేళకు శిల్పులు ఉలులు దించి కాళ్లూ చేతులూ కడుక్కుని వెళ్లిపోయేవారు. అక్కడి నుంచి ఇల్లంతా ఆమె గుండెదే. ఆ వేళకే మాత్ర వేసుకునేది.

ఆ మాత్ర సంగతి కూడా చెప్పాలి. గోలీకాయ చుట్టూ రక్తం గడ్డకట్టి పేరుకుంటే పంజరం బిగుసుకుపోతుంది. అందుకని రక్తాన్ని పలచన చేసే మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, బతికినంత కాలం. పలచన మరీ ఎక్కువైతే చిన్న గీత పడినా రక్తం ఆగదు, తక్కువైతే లోపల గడ్డ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాబట్టి నెలకోసారి నంద్యాల వెళ్లి, డాక్టర్ ఉమామహేశ్వరమ్మ గారి ఆసుపత్రిలో రక్తమిచ్చి, అది ఎంతసేపటికి గడ్డకడుతోందో చూపించుకుని, దాన్నిబట్టి మాత్ర పెంచడమో తగ్గించడమో చేయించుకోవాలి. ఒళ్లు నొప్పులని అంగట్లో దొరికే మాత్ర మింగకూడదు. జ్వరమొచ్చినా తుంటికి సూది పొడిపించుకోకూడదు. ఒకపూట మరిచిపోయామని మరునాడు రెండు వేసుకోకూడదు. ఇవన్నీ సలోమి బైబిలు వాక్యం పాటించినట్టు పాటించింది. ఆకుకూరల గురించి కూడా వేలూరు నర్సు ఏదో వివరంగానే చెప్పింది గానీ, అరవం కలిసిన ఆ తెలుగులో సలోమికి తలకెక్కింది జాగ్రత్త అన్న ఒక్క ముక్కే. జాగ్రత్త అంటే మానేయడమేగా అనుకుంది. ఒంటి మనిషికి చారూ, చింతకాయ తొక్కూ చాలు. ఆకుకూర తెచ్చి, ఏరి, కడిగి, తరిగి ఎవరికి పెట్టాలి గనక.

పక్కింట్లో రహమత్‌బీ ఉండేది. ఆమె మొగుడు దాదా ఖలందర్ శిల్పులకు ఉలులు కాచి, సాగగొట్టి, పదును పెట్టి ఇచ్చేవాడు. ఆయన బతికున్నన్నాళ్లూ ఆమె కొలిమి తిత్తి ఊదింది. ఇనుము సాగగొట్టే దాగలి పక్కన అన్నేళ్లు కూర్చుంటే చెవులు నిలుస్తాయా? ఖలందర్ పోయేనాటికి ఆమెకు అరిస్తే తప్ప వినబడదు. ఒక్కగానొక్క కూతురు అజీజున్నీసా పెళ్లై ప్యాపిలి వెళ్లిపోయింది. ముసలామె నిండు కుండెడు కూర వండే చేతితో తనొక్కదానికి వండుకోలేక, కొలతలు తప్పి, మిగిలింది మేకలకు వేసేది.

రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. సలోమి సాయంత్రాలు ఆ గోడకు ఆనుకుని నిలబడేది. మాట్లాడుకునేది తక్కువ, ఎందుకంటే మాట్లాడితే వీధంతా వినాలి. అయినా ఆమెకు ఆ పక్కన ప్రాణం హాయిగా ఉండేది. ఆళ్లగడ్డ మొత్తంలో తన గుండె చప్పుడు విని తల తిప్పని మనిషి ఆమె ఒక్కతే. వినబడదు కాబట్టి తిప్పలేదు, నిజమే. ఒంటరి మనిషికి ఆ తేడాలు పట్టవు.

ఒకరోజు పెరట్లో కత్తిపీట మీద వంకాయ తరుగుతుంటే సలోమి వేలు తెగింది. అందరికీ తెగినట్టే తెగింది గానీ రక్తం ఆగలేదు. గుడ్డ తడిసింది, ఇంకో గుడ్డ తడిసింది. గోడ అవతలి నుంచి రహమత్‌బీ చూసి పరుగున వచ్చి, వేలు పైకెత్తి పట్టుకుని, పసుపు అద్ది, తన పైట చెంగు చింపి గట్టిగా బిగించి, రక్తం నిలిచేదాకా వదల్లేదు. మరొకరి చెయ్యి తన చేతిని అంతసేపు పట్టుకుని ఎన్నాళ్లయిందో సలోమికి గుర్తు రాలేదు.

మరునాడు గోడ మీద సత్తు గిన్నె వచ్చింది. మునగాకు, పెసరపప్పు, వెల్లుల్లి తాళింపు.

"తిను. అంత రక్తం పోయిండాది, మళ్లా పట్టాల. వట్టి చారు తాగి బతుకుతాండావ్, మొగం సూడు ఎట్ల తెల్లగుందో" అంది రహమత్‌బీ.

సలోమికి జాగ్రత్త అన్న మాట గుర్తుకొచ్చింది. ఒక్క పూటకేమవుతుందిలే అనుకుంది. పైగా వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి, అదీ అరిచి చెప్పాలి. కూర నోట్లో పెట్టుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈమె అడక్కుండానే పెట్టింది.

మన ఇళ్లల్లో ఇంకో మర్యాద ఉంది. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు. సలోమి గిన్నె తోమి అందులో బెల్లముక్కలు వేసి ఇచ్చింది. బెల్లం వచ్చిందని రహమత్‌బీ ఈసారి తోటకూర పంపింది. తోటకూరకు బదులు వేరుశనగలు వెళ్లాయి. వేరుశనగలకు బదులు మళ్లీ మునగాకు. ఇద్దరిలో ఎవరు గిన్నె ఖాళీగా ఇచ్చినా ఆట ఆగిపోయేది గానీ, ఎవరిస్తారు? రహమత్‌బీకి వండి పెట్టడానికి ఒక మనిషి దొరికింది. సలోమికి ఆకుకూర తిన్నావా అని గోడ మీదికి తొంగిచూసే మనిషి దొరికింది. కంచం నిండా కూర, నాలుగు మెతుకులు. అలా తినేది.

నంద్యాల వెళ్లాల్సిన వారం వచ్చింది. సలోమి వెళ్లలేదు. బడిలో పరీక్షలని తనకు తాను చెప్పుకుంది. అసలు సంగతి ఆమెకు తెలుసు. రక్తం చూస్తే డాక్టరమ్మ ఏం తింటున్నావని అడుగుతుంది, మానెయ్యమంటుంది. మానెయ్యమంటే గోడ మీదికి గిన్నె రాదు. మరుసటి నెలా అంతే. మాత్ర మాత్రం ఒక్క సాయంత్రమూ తప్పలేదు. మాత్ర వేసుకుంటున్నాగా, ఇంకేం అనుకుంది. ఆ మాత్ర చేసిన పనిని ఆ కూర తీసేస్తోందని ఆమెకు తోచలేదు, తోచినా తోచనివ్వలేదు.

ఎండలు ముదిరాయి. ఆ ఆదివారం చర్చిలో మౌన ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య హన్నమ్మ సలోమి పక్కకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ మౌన ప్రార్థనలో వినబడే ఆ టిక్కు ఈ వేళ వినబడలేదట. రెండు ఆదివారాలుగా గమనిస్తోందట. దేవుడు ముట్టి బాగుచేశాడని హన్నమ్మ కళ్లు తుడుచుకుంది. సలోమి గుండెమీద చెయ్యి పెట్టుకుంది. నిజమే. ఎప్పుడూ గోరుతో తలుపు కొట్టినట్టుండే చప్పుడు ఇప్పుడు గుడ్డ చుట్టిన వేలితో కొట్టినట్టుంది. కొన్నాళ్లుగా తనకు ఎందుకు హాయిగా నిద్ర పడుతోందో అప్పుడు అర్థమైంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, నిజమే, కానీ ఎండాకాలం ఎవరికి రాదు?

పై ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు చేసిన మేలు పదిమంది ముందు లేచి చెప్పడం వాళ్లలో ఆచారం. సలోమి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఆమె దగ్గర ఏముంది గనక? ఆ రోజు తెల్లచీర కట్టుకుని లేచి నిలబడింది. చర్చి అంతా తన వంకే చూస్తోంది. జాలితో కాదు, మొదటిసారి ఆశగా. "ఇన్నేండ్లూ నా గుండె చప్పుడు విని మీరంతా..." అని మొదలుపెట్టింది. అంతవరకే వచ్చింది. ఊపిరి చాలలేదు. మళ్లీ పీల్చుకుని మొదలుపెట్టింది, మళ్లీ సగంలోనే తెగిపోయింది. జనం ఏడుస్తోందనుకుని స్తోత్రం, స్తోత్రం అన్నారు. బెంచీ పట్టుకుని కూర్చున్న సలోమికి మాత్రం తెలిసిపోయింది. ఇది మేలు కాదు. గోలీకాయ చుట్టూ ఏదో పేరుకుంటోంది. అంతమంది మధ్యలో కూర్చున్నా ఆమెను ఒంటరితనం ఎంతగా కమ్మిందంటే, చచ్చిపోవడం కూడా దానికంటే పెద్ద సంగతనిపించలేదు.

మర్నాడు మొదటి బస్సుకు నంద్యాల వెళ్లింది. ఉమామహేశ్వరమ్మ చెవుల్లో గొట్టం పెట్టుకుని చాలాసేపు విన్నది. రక్తం తీసి పంపించింది. ఫలితం చూసి, ఇది మందు వేసుకునే మనిషి రక్తంలా లేదు, అందరి రక్తంలాగే గడ్డకడుతోంది అంది. అందరిలాగా ఉండాలని సలోమి ఎన్నేళ్లు కోరుకుందో ఆ డాక్టరమ్మకు తెలియదు. ఏం తింటున్నావని అడిగితే చెప్పింది. ఎవరు పెడుతున్నారని అడగలేదు గానీ, అదీ చెప్పింది.

ఆ పూటే సుందరరాజు కారు మాట్లాడి వేలూరుకు బయలుదేరదీశాడు. కడప వెళ్లే దారి ఆళ్లగడ్డ మీదుగానే పోతుంది. కారు ఊళ్లో నెమ్మదించినప్పుడు ఉలుల మోత వినబడింది. సందు మొదట్లో రహమత్‌బీ మునగరొట్ట చంకన పెట్టుకుని ఇంటివైపు నడుస్తోంది. సలోమి అద్దంలోంచి చెయ్యి ఊపింది. పిలిచినా వినబడదు, పిలవడానికి ఊపిరీ లేదు. కారు చాగలమర్రి దారి పట్టింది.

వేలూరులో చేతి నరానికి మందు ఎక్కించారు. దినాలూ వారాలూ పడుకోబెట్టారు. గడ్డ ఇంకా లేతది కావడం, సమయానికి రావడం ఆమె అదృష్టమన్నారు, మళ్లీ కోయాల్సిన పని తప్పింది. చప్పుడు మెల్లగా తిరిగి వచ్చింది. పక్క మంచం ఆమె అది విని నర్సును పిలిచి అడిగింది, ఆ టిక్కు ఏందని.

తిరిగి వచ్చేటప్పుడు నంద్యాలలో ఉమామహేశ్వరమ్మ ఆమెను కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. "ఆకుకూర తినొద్దని నీకెవరు చెప్పినారు? తినకుండా ఉండి ఒక్కసారిగా కంచాల కొద్దీ తిన్నావు, అదీ వచ్చిన గొడవ. తింటే దినామూ తిను, ఒకటే కొలతగా తిను. దానికి తగినట్టు నేను మాత్ర సరిచేస్తా. ఒకనాడు తిని పదినాళ్లు మానేసేదైతే అసలు ముట్టుకోవద్దు."

కుండ నోటికి మూకుడు వెయ్యొచ్చు గానీ ఊరి నోటికి వెయ్యలేం. సలోమి ఇంటికి చేరేసరికి కథ ఆమెకంటే ముందే చేరింది. రహమత్‌బీ పెట్టిన కూరకు టీచరమ్మ గుండె ఆగిపోబోయిందని వీధంతా అనుకున్నారు. చర్చిలో మేలు అన్నవాళ్లే ఇప్పుడు, ఎవరి చేతిది పడితే వాళ్లది తింటారా అన్నారు. ఆ మాట చెవిటి ముసలామె చెవిలో కూడా ఎవరో పనిగట్టుకుని అరిచి వేశారు. సలోమి గిన్నెలో బెల్లం వేసి గోడ మీద పెట్టింది. సాయంత్రానికి బెల్లం అలాగే ఉంది. మర్నాడు చీమలు పట్టాయి.

రహమత్‌బీ పెరట్లోకి రావడం మానేసింది. వచ్చినా ముసుగు కిందికి లాక్కుని, మేకలకు రొట్ట వేసి లోపలికి వెళ్లిపోయేది. సలోమి తనకు తానే మునగాకు తెచ్చుకుని వండి చూసింది. రెండు రోజులు తిన్నది. మూడోరోజు పొయ్యి వెలిగించ బుద్ధి కాలేదు. అటు దినామూ తినడం కాదు, ఇటు మానడం కాదు. డాక్టరమ్మ వద్దన్నది ఇదే. ఒక మనిషి రోజూ ఒకే తీరుగా తినాలంటే ఇంకో మనిషి రోజూ తిన్నావా అని అడగాలి. ఆ మందు ఏ అంగట్లోనూ దొరకదు.

ఆమె ఆ వారమంతా ఆలోచించింది. గోడ దగ్గరికి వెళ్లి మెల్లగా చెబుదామంటే ఆ చెవులకు వినబడదు. చేతులు పట్టుకుని సైగ చేద్దామంటే ముసలామె దగ్గరికే రాదు. అరవాలి. అరిస్తే శిల్పులు వింటారు, శాంతయ్య వింటాడు, నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు వింటారు. ఇన్నేళ్లు ఏ చప్పుడును దాచుకోవడానికి ఈ మోతలో కాపురం పెట్టిందో దాన్ని తన నోటితోనే చాటింపు వెయ్యాలి.

పట్టపగలే, ఉలులు మోగుతుండగా, సలోమి గోడ దగ్గర నిలబడింది. రహమత్‌బీ మేకల దగ్గర వంగి ఉంది.

"పెద్దమ్మా" అని అరిచింది.

ముసలామె కదల్లేదు. ఇంకా గట్టిగా అరిచింది. ఒక ఉలి ఆగింది. తర్వాత ఇంకొకటి, చివరికి అన్నీ. మద్దిలేటి అనే శిల్పి విగ్రహం భుజం మీద చెయ్యి వేసి ఇటు తిరిగాడు. ఆ నిశ్శబ్దంలో టిక్కు టిక్కుమని అందరికీ వినబడుతూ ఉంది. సలోమి ఆగలేదు.

"నా గుండెకాయలో మిషను పెట్టినారు పెద్దమ్మా. దానికి మందు తింటాండా. నీ కూర వల్ల కాదు నాకు వచ్చింది, నేను చెప్పకపోబట్టి వచ్చింది. చెప్తే నువ్వు యాడ రాకుండా పోతావోనని చెప్పలే."

రహమత్‌బీ లేచి నిలబడింది. గోడ దాకా వచ్చింది గానీ చేతులు వెనక పెట్టుకుంది. నా చేతి కూర నీకొద్దు, నువ్వు బతికుండావ్, నాకంతే సాలు అంది. వినబడని వాళ్లు మెల్లగా మాట్లాడడం సలోమి అదే మొదటిసారి విన్నది.

"డాక్టరమ్మ వద్దనలే. దినామూ తినమనింది, ఒకటే కొలతగా. ఒక్క పిడికెడు. ఒకనాడు పెట్టి ఒకనాడు మానేస్తే నేను సచ్చిపోతా. దినామూ పెట్టాల. నాకు పెట్టేవాళ్లు ఎవరుండారు పెద్దమ్మా, నువ్వు తప్ప?"

చివరి మాటకు గొంతు పీలగా అయిపోయింది. అది రహమత్‌బీకి వినబడిందో లేదో తెలియదు. వీధికి మాత్రం వినబడింది. కొట్టాల్లో ఎవరూ ఉలి ఎత్తలేదు.

ముసలామె గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. ప్యాపిలి కూతురు రమ్మంటోందని, ఈ నెలాఖరుకు పోదామనుకున్నానని అంది. తర్వాత ముక్కు చీది, ముసుగు సర్దుకుని, కోపంగా మొహం పెట్టింది.

"దినామూ అంటే రంజాన్‌లో కూడానా?"

"రంజాన్‌లో కూడా."

"నాకు జొరమొచ్చినా?"

"వచ్చినా."

రహమత్‌బీ వెనక పెట్టుకున్న చేతులు ముందుకు తెచ్చింది. కొలిమి దగ్గర కాలి, మచ్చలు పడి, మొద్దుబారిన చేతులు. కుడి పిడికిలి బిగించి గోడ మీద పెట్టింది.

"ఇది మునగరొట్ట కొట్టే చెయ్యి. దీని పిడికెడు వేరే, నీ పిడికెడు వేరే. యా పిడికెడో ఇప్పుడే చెప్పు. కొలత తప్పితే మళ్లా అందరూ నన్నంటారు."

సలోమి తన పిడికిలి బిగించి దాని పక్కన పెట్టింది.